ఢిల్లీ–టోక్యో ఫ్లైట్: వెళ్లడానికి 11 గంటలు, రావడానికి 6 గంటలేనా?

పెట్టేబేడా:
జనవరిలో మా అత్తగారిని ఢిల్లీ నుంచి టోక్యో తీసుకెళ్తున్నాం. రాత్రి 8:00కి బయల్దేరి మర్నాడు పొద్దున 7:15కి దిగుతాం. అంటే పదకొండుంపావు గంటలు. తిరుగు టికెట్ చూస్తే ఉదయం 11:00కి ఎక్కి సాయంత్రం 5:00కే ఢిల్లీలో ఉంటాం. ఆరు గంటలే! దూరం సుమారు 5,850 కి.మీ. అంటున్నారు, గంటకి 900 చొప్పున ఆరున్నర గంటలు పట్టాలి కదా. ఆవిడకి మోకాళ్ల నొప్పులు. అసలు ఎంతసేపు కూర్చోవాల్సి ఉంటుందో ఎవరైనా చెప్పండి.

గుండుసున్నా:
భూమి తూర్పుకి తిరుగుతుంది కదండీ. వెళ్లేటప్పుడు టోక్యో ముందుకి జరిగిపోతుంటుంది, వచ్చేటప్పుడు ఢిల్లీ ఎదురొస్తుంది.

కిటికీసీటు:
గుండుసున్నా గారూ, భూమితో పాటు గాలీ తిరుగుతుంది, విమానం ఉండేది ఆ గాల్లోనే. మీరన్నదే నిజమైతే హెలికాప్టర్‌ని గాల్లో ఒక్కచోట ఆపి కూర్చుంటే చాలు, ఢిల్లీ దానంతటదే వచ్చేస్తుంది.

పెట్టేబేడా గారూ, టికెట్ మీద వేసేది ఏ ఊరి టైము ఆ ఊరిదే. టోక్యో మనకంటే మూడున్నర గంటలు ముందు. వెళ్లేటప్పుడు ఆ మూడున్నర తీసేయండి, 7:45 మిగులుతుంది. వచ్చేటప్పుడు కలపండి, 9:30 అవుతుంది. అంటే మీరు అనుకున్నదానికి పూర్తిగా ఉల్టా, ఆవిడకి కష్టమయ్యేది తిరుగు ప్రయాణమే.

ఈ గంటా ముప్పావు తేడాకి కారణం జెట్ స్ట్రీమ్. విమానాలు ఎగిరే ఎత్తులో పడమర నుంచి తూర్పుకి వీచే గాలి. చలికాలంలో జపాన్ మీద ఒక్కోసారి గంటకి 300 కి.మీ. దాటుతుంది. దారంతా సగటున 150 ఉందనుకున్నా, వెళ్లేటప్పుడు నేల మీది లెక్కలో వేగం 1,050, వచ్చేటప్పుడు 750. సీటు ముందు మ్యాప్‌లో గ్రౌండ్ స్పీడ్ అని ఉంటుంది, చూస్తుండండి. 1920ల్లోనే ఓయిషీ అనే జపాన్ శాస్త్రవేత్త బెలూన్లు వదిలి ఈ గాలిని కొలిచాడు. తీరా ఆ నివేదికని ఎస్పెరాంటో అనే కృత్రిమ భాషలో రాశాడు, ఇంకెవరు చదువుతారు!

ఆ 5,850 కూడా గ్లోబు మీద దారం లాగి కొలిచిన దూరం. ఆ దారి టిబెట్ మీదుగా పోతుంది. క్యాబిన్‌లో గాలి ఒత్తిడి పోతే విమానం వెంటనే 10,000 అడుగులకి దిగాలి, అక్కడేమో నేలే అంతకంటే ఎత్తు. మాస్కుల్లో ఆక్సిజన్ కొద్ది నిమిషాలకే సరిపోతుంది. అందుకని మామూలుగా దక్షిణంగా, మయన్మార్, చైనాలోని యునాన్ వైపు చుట్టి వెళ్తారు. పైగా టికెట్ మీది టైములో రన్‌వే దాకా పాకడం, దిగాక గేటు దాకా రావడం కూడా కలిసే ఉంటాయి.

పెట్టేబేడా:
అమ్మో, తొమ్మిదిన్నరా! వచ్చేటప్పుడు బ్యాంకాక్‌లో ఆగితే నయమా?

కిటికీసీటు:
మధ్యలో కాళ్లు చాపుకోవచ్చు, నిజమే. కానీ గాల్లో ఉండే సమయమే పదకొండు గంటల దాకా అవుతుంది, ఎయిర్‌పోర్టులో పడిగాపులు అదనం. మళ్లీ సెక్యూరిటీ, మళ్లీ ఎక్కడం దిగడం. నేనైతే డైరెక్ట్‌కే ఓటేస్తాను. ఆవిడకి నడవ పక్క సీటు తీసుకోండి, వీల్‌చైర్ కావాలని ఎయిర్‌లైన్‌కి ఇప్పుడే చెప్పేయండి. ఎమర్జెన్సీ డోర్ దగ్గర కాళ్లకి చోటెక్కువ ఉంటుందని అది మాత్రం బుక్ చేయకండి, నడవలేని వాళ్లని అక్కడ కూర్చోనివ్వరు.