విన్నిపెగ్‌లో ఫ్రెంచ్ నేర్చుకునేవాళ్ళకు ఇక్కడి లోకల్ ఫ్రెంచ్ టీవీ పనికొస్తుందా?

కొత్తగా_విన్నిపెగ్ అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. నేను ఇక్కడే మాస్టర్స్ చేసి ఇప్పుడు వర్క్ పర్మిట్ మీద ఉన్నాను. పీఆర్ కోసం లెక్కేసే సీఆర్‌ఎస్ పాయింట్లు చాలట్లేదు. అందుకే పీఆర్ ఇచ్చే ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో ఫ్రెంచ్ కేటగిరీ కోసం టెఫ్ కెనడా అనే ఫ్రెంచ్ పరీక్షకి ప్రిపేర్ అవుతున్నాను. నాలుగు విభాగాల్లోనూ ఎన్‌సీఎల్‌సీ 7, అంటే కెనడా ఫ్రెంచ్ కొలతలో ఏడో స్థాయి, రావాలి. చదవడం, రాయడం నెట్టుకొస్తున్నాను. వినడం దగ్గరే ఇరుక్కుపోయాను. యాప్‌లో ఆడియో అర్థమవుతుంది, బస్సులో ఇద్దరు ఫ్రెంచ్‌లో మాట్లాడుకుంటుంటే ఒక్క ముక్క పట్టుకోలేకపోతున్నా.

మొన్న రూమ్మేట్ టీవీకి యాంటెన్నా బిగిస్తే 3.1లో ఒక ఫ్రెంచ్ ఛానెల్ పడింది. కేబుల్ లేదు, డబ్బులు లేవు, బొమ్మ శుభ్రంగా ఉంది. ఇది క్యుబెక్ ఛానెలా? మానిటోబాలో ఎవరి కోసం నడుపుతున్నారు? రోజూ చూస్తే నాకేమైనా ఉపయోగమా, లేక టైమ్ వేస్టా? సూటిగా చెప్పండి ప్లీజ్.

హైదరాబాదీ_టొరంటో:

బ్రో, నేను టెఫ్ రాసి పాసయినవాణ్ణి. సూటిగా అడిగావు కాబట్టి సూటిగానే చెప్తున్నా. టీవీ వదిలేయ్. పరీక్ష తయారయ్యేది ప్యారిస్‌లో, అక్కడి ఛాంబర్ ఆఫ్ కామర్స్ వాళ్ళది. ఫ్రాన్స్ రేడియో ఆర్‌ఎఫ్‌ఐ వాళ్ళు నేర్చుకునేవాళ్ళ కోసం తేలిక ఫ్రెంచ్‌లో రోజూ వార్తలు ఇస్తారు, అది విను. టీవీ5మోండ్ అనే ఫ్రెంచ్ ఛానెల్ సైట్‌లో లెవెల్స్ వారీగా ఎక్సర్‌సైజులు ఫ్రీగా ఉన్నాయి, అవి చెయ్. మీ ప్రావిన్స్‌లో ఫ్రెంచ్ మాతృభాషగా ఉన్నవాళ్ళు మూడు శాతం దగ్గర ఉంటారేమో. వాళ్ళ ఊళ్ళ వార్తలు వింటూ కూర్చుంటే నీకు మార్కులు రావు. పాసయ్యాక తీరిగ్గా చూసుకోవచ్చు.

కాకినాడ_అక్క:

తమ్ముడూ, టొరంటో బాబు చెప్పినవి మంచివే, చెయ్యి. కానీ ఎవరి కోసం నడుపుతున్నారు అని అడిగావు చూడు, దానికి జవాబు రాయకుండా ఉండలేకపోయాను. కొంచెం పొడుగవుతుంది.

నాది కాకినాడ. యానాం అంత దగ్గరున్నా ఫ్రెంచ్ చెవిన పడకుండానే పెరిగాను. ఈ ఊరొచ్చాక ఇక్కడి ఫ్రెంచ్ పేట సెయింట్ బోనిఫేస్‌లో ఒక వృద్ధుల కేర్ హోమ్‌లో హెల్త్ కేర్ ఎయిడ్‌గా చేరాను, ఇప్పటికీ అక్కడే. మా దగ్గరుండే పెద్దవాళ్ళలో ఎక్కువమంది ఇంటి భాష ఫ్రెంచ్. ఫ్రాన్స్ నుంచి వచ్చినవాళ్ళు కాదు, క్యుబెక్ నుంచి నిన్నామొన్నా దిగినవాళ్ళూ కాదు. రెడ్ రివర్ ఒడ్డున తరతరాలుగా ఉన్న కుటుంబాలు. కొందరు మెటీలు, అంటే ఆదివాసీ, యూరప్ మూలాలు కలిసిన జాతివాళ్ళు. మానిటోబా ఏర్పడడానికి పోరాడిన నాయకుడు లూయీ రియెల్ ఆ జాతివాడే. రియెల్ సమాధి ఇక్కడి కెథెడ్రల్ ముందు సమాధుల తోటలోనే ఉంది, డౌన్‌టౌన్ నుంచి ఆయన పేరున్న వంతెన మీదుగా నడిచి వెళ్ళి చూడు. 1968లో ఆ కెథెడ్రల్ కాలిపోతే ముందు గోడలు అలాగే నిలబెట్టి, వెనకాల కొత్త గుడి కట్టుకున్నారు.

ఇక నువ్వు చూసిన ఛానెల్. రోజులో ఎక్కువ భాగం, సీరియళ్ళు, టాక్ షోలు, రాత్రి జాతీయ వార్తలు మాంట్రియల్ నుంచే వస్తాయి. నువ్వు క్యుబెక్ ఛానెల్ అనుకోవడంలో ఆశ్చర్యం లేదు. కానీ స్టేషన్ ఈ ఊరిది. పేరు సీబీడబ్ల్యూఎఫ్‌టీ, రేడియో కెనడా వాళ్ళది, అంటే ప్రభుత్వ ప్రసార సంస్థ సీబీసీ ఫ్రెంచ్ విభాగానిది. 1960 ఏప్రిల్ 24న మొదలైంది. పశ్చిమ కెనడాలో మొట్టమొదటి ఫ్రెంచ్ టీవీ స్టేషన్ అదే. ఇంగ్లీషు సీబీసీ ఇక్కడికి 1954లోనే వచ్చేసింది. వీళ్ళు ఇంకో ఆరేళ్ళు ఎదురుచూశారు. రేడియో అయితే ఎవరో ఇస్తారని ఎదురుచూడకుండా చందాలు పోగేసి సొంతంగా పెట్టుకున్నారు, సీకేఎస్‌బీ అని, 1946లో. రేడియో కెనడా దాన్ని 1973లో తీసుకుంది.

1960 అంటే మామూలు విషయం కాదు, ఎందుకో చెప్తాను. 1870లో మానిటోబా ఏర్పడినప్పుడు శాసనసభలో, కోర్టుల్లో ఇంగ్లీషుకీ ఫ్రెంచ్‌కీ సమాన హక్కు. 1890లో ఆ హక్కు తీసేశారు. 1916లో బడుల్లో ఫ్రెంచ్‌లో పాఠం చెప్పడం కూడా ఆపేశారు. మా హోమ్‌లో ఒక పెద్దాయన చెప్తారు. చిన్నప్పుడు పల్లెటూరి బళ్ళో ఇన్‌స్పెక్టర్ వస్తున్నాడని తెలిస్తే సిస్టరమ్మ పిల్లల చేత ఫ్రెంచ్ పుస్తకాలు దాయించి ఇంగ్లీషు పుస్తకాలు బల్ల మీద పెట్టించేదట. ఇన్‌స్పెక్టర్‌కీ సంగతి తెలుసట, చూసీచూడనట్టు పోయేవాడట. బళ్ళో ఫ్రెంచ్‌కి ఇంగ్లీషుతో సమాన స్థానం మళ్ళీ వచ్చింది 1970లో. అంటే ఈ టీవీ మొదలయ్యేనాటికి ఆయన పిల్లలకి కూడా బళ్ళో పాఠాలు ఇంగ్లీషులోనే. అలాంటి రోజుల్లో ఇంట్లో, అందరి ముందూ, టీవీలో మనిషి ఫ్రెంచ్‌లో మాట్లాడాడు. ఆయన ఇది చెప్పేటప్పుడు గొంతు మారిపోతుంది.

సాయంత్రం ఆరింటికి లె టెలెజూర్నాల్ మానిటోబా అని ఇక్కడి వార్తలు వస్తాయి. మా హోమ్‌లో భోజనాలు ఐదింటికే, ఆరయ్యేసరికి వీల్‌చెయిర్లన్నీ హాల్లోకి చేరుస్తాం. మాంట్రియల్ ప్రోగ్రాం నడుస్తున్నంతసేపూ కునుకు తీసేవాళ్ళు, ఈ వార్తల సంగీతం వినగానే తల ఎత్తుతారు. దాంట్లో వాళ్ళ ఊళ్ళుంటాయి. లా బ్రోకరీ, సెంట్ అన్, సెంట్ పియేర్ జోలీ, నోత్ర్ దామ్ ద లూర్ద్. వాళ్ళ మనవలు చదివే ఫ్రెంచ్ స్కూలు బోర్డు గొడవలుంటాయి. ఫిబ్రవరిలో ఫెస్టివల్ దు వోయజర్ అనే ఇక్కడి చలికాలపు పండుగ ఉంటుంది. "వాడు ఫలానా వాళ్ళ అబ్బాయి కదూ" అని ఒకరు, "కాదు, మేనల్లుడు" అని ఇంకొకరు. వార్త అయిపోతుంది, ఆ చర్చ మాత్రం మందులిచ్చే టైమ్ దాకా సాగుతుంది.

ఒకావిడది సెంట్ అగాత్. 1997లో రెడ్ రివర్ పొంగినప్పుడు ఏప్రిల్ చివర్లో మునిగిపోయిన ఊరు అది. ఇప్పటికీ మంచు కరిగే రోజుల్లో నది మట్టం గురించి వార్త వచ్చిందంటే, చెయ్యెత్తి మమ్మల్నందర్నీ మాట్లాడకుండా ఆపుతారు. మా రెడ్ రివర్ ఎన్ని అడుగులుందో మాంట్రియల్ వాళ్ళు రోజూ ఎందుకు చెప్తారు? ఇంగ్లీషు ఛానెల్ చెప్తుంది, నిజమే, ఆవిడకి ఇంగ్లీషూ వచ్చు. కానీ భయం పుట్టించే మాట తన భాషలో వినాలనుకోవడం ఆవిడ హక్కు అని నా ఉద్దేశం.

టొరంటో బాబూ, మూడు శాతం అన్నారు. మూడు శాతమే. అందుకే ఇది వీళ్ళకి అవసరం. తొంభై ఏడు శాతం మందికి టీవీ ఎలాగూ ఉంటుంది.

బరంపురం_శ్రీను:

అక్క రాసింది చదివాక నేనూ రెండు మాటలు రాయాలనిపించింది. మాది ఒడిశా, బరంపురం. ఇంట్లో తెలుగు, వీధిలో సగం తెలుగు, ఆఫీసులో ఒడియా. మాకు హైదరాబాద్ నుంచి తెలుగు ఛానెళ్ళకి కొదవ లేదు. మా అమ్మకి హైదరాబాద్‌లో ఏ రోడ్డులో ట్రాఫిక్ జామ్ అయిందో తెలుసు, విజయవాడలో ఎవరు ఏ పార్టీ మారారో తెలుసు. మా వార్డులో నీళ్ళు ఎప్పుడొస్తాయో మాత్రం ఒడియా వార్తలు చూసే పక్కింటివాళ్ళని అడిగి తెలుసుకుంటుంది. భాష ఉంది, మా ఊరు లేదు. ఆ స్టేషన్ మీద రోజులో ఎక్కువ భాగం మాంట్రియల్‌దే అని అక్క రాశారు కదా, మిగిలిన ఆ కొంచెం విలువ నాకు బాగా తెలుస్తోంది.

విండ్సర్_వేణు:

ఆ కొంచెం కూడా దానంతటదే మిగలదండి. నేనుండే విండ్సర్‌లో, అంటే ఒంటారియోలో డెట్రాయిట్‌కి నది ఇవతల, 1749 నుంచి ఫ్రెంచ్ కుటుంబాలున్నాయి. ఇక్కడి ఫ్రెంచ్ రేడియో స్టేషన్ సీబీఈఎఫ్‌లో 2009 బడ్జెట్ కోతల్లో స్థానిక కార్యక్రమాలు వారానికి 36 గంటల పైనుంచి 5 గంటలకి పడిపోయాయి. మిగతాదంతా బయటి ఊళ్ళ నుంచి. శ్రోతలు ఊరుకోలేదు, కమిటీ కట్టారు, అధికార భాషల కమిషనర్‌కి ఫిర్యాదు చేశారు, విషయం ఫెడరల్ కోర్టు దాకా వెళ్ళింది. చివరికి 2013లో ప్రసారాలకి లైసెన్సులిచ్చే సీఆర్‌టీసీ ఆ షరతుల్లోనే వారానికి కనీసం 15 గంటల స్థానిక కార్యక్రమాలు ఉండాలని పెట్టింది. పోయినదంతా తిరిగి రాలేదు. కానీ అడిగినవాళ్ళున్నారు కాబట్టి అంతైనా వచ్చింది.

నేను కార్ల పార్టుల ఫ్యాక్టరీలో పనిచేస్తాను. నా పక్క మెషీన్ మీద ఉండే పెద్దాయన వల్ల ఇదంతా తెలిసింది. ఆయన ఆ కమిటీ మీటింగులకి వెళ్ళినవాడు.

కాకినాడ_అక్క:

వేణు గారూ, మంచి మాట చెప్పారు. ఇక్కడ కూడా 2012 జూలై 31న విన్నిపెగ్ బయటి రిలే ట్రాన్స్‌మిటర్లు ఆపేశారు. ఒక్క మానిటోబా అని కాదు, దేశం మొత్తం మీద సీబీసీ, రేడియో కెనడాకి అప్పటికి మిగిలిన పాత అనలాగ్ ట్రాన్స్‌మిటర్లన్నీ ఆ రోజే పోయాయి. విన్నిపెగ్‌లో డిజిటల్ ఉంది కాబట్టి మా తమ్ముడికి యాంటెన్నాకి ఉచితంగా వస్తోంది. దూరపు ఊళ్ళవాళ్ళు కేబుల్‌కో డిష్‌కో డబ్బు కట్టాలి, లేకపోతే ఇంటర్నెట్ ఉండాలి. ఫ్రెంచ్ పల్లెలు ఎక్కువ ఉన్నది ఆ దూరాల్లోనే. దాని గురించి నాకు చాలా బాధ.

హైదరాబాదీ_టొరంటో:

అక్కా, మీరు చెప్పిన చరిత్ర మీద నాకు గౌరవం ఉంది. కానీ తమ్ముడు అడిగింది పరీక్ష గురించి. వర్క్ పర్మిట్ గడువు పరిగెడుతుంటుంది. ఆ గడువు లోపల మార్కులు రావాలి. నా సలహా మారదు.

కొత్తగా_విన్నిపెగ్:

అందరికీ థాంక్స్. అన్నా, మీరు చెప్పిన ఆర్‌ఎఫ్‌ఐ ఈరోజే మొదలుపెట్టాను. అక్కా, నిన్న ఆరింటికి మీరు చెప్పిన వార్తలు చూశాను. యాంకర్ మాట సగం అర్థమైంది, రైతుని ఇంటర్వ్యూ చేస్తే ఏమీ కాలేదు. తర్వాత ఒక ఆఫ్రికా ఆవిడ మాట్లాడితే మాత్రం దాదాపు అంతా అర్థమైంది! ఒకే ఊళ్ళో ఇన్ని యాసలేంటి? ఎలా చూస్తే పని జరుగుతుందో చెప్పరా?

కాకినాడ_అక్క:

చూశావా, మొదటి రోజే ఊరు మొత్తం నీకు పరిచయమైంది. ఆ రైతుది ఇక్కడి పాత ఫ్రెంచ్, నాకూ అది చెవికెక్కడానికి చాలా కాలం పట్టింది. కాంగో, సెనెగల్, ఐవరీ కోస్ట్, బురుండి, మొరాకో నుంచి సెయింట్ బోనిఫేస్‌కి చాలా కుటుంబాలొచ్చాయి. మా షిఫ్టులో నాతో పనిచేసే ఇద్దరు కిన్షాసా వాళ్ళే. ఈ ఊళ్ళో ఫ్రెంచ్ నిలబడేది ఇక వాళ్ళ పిల్లల మీద కూడా. పరీక్ష ప్యారిస్‌దే కావచ్చు, పాసయ్యాక నీకు ఉద్యోగమిచ్చేవాడు, నీ పక్క సీట్లో కూర్చునేవాడు మాత్రం ఈ మనుషులే.

నేను చేసిన పద్ధతి చెప్తాను. మధ్యాహ్నం రేడియో కెనడా సైట్‌లో మానిటోబా పేజీ తెరిచి నాలుగైదు వార్తలు చదువు. సాయంత్రం టీవీలో వాటిల్లో కొన్నయినా వస్తాయి. సంగతి ముందే తెలిసి ఉంటుంది కాబట్టి చెవి మాట మీదే ఉంటుంది. మొదటిసారి సబ్‌టైటిల్స్ పెట్టకు. తర్వాత ఆ వీడియో నెట్‌లో దొరికితే సబ్‌టైటిల్స్‌తో మళ్ళీ చూడు. వాతావరణం అస్సలు వదలకు. అంకెలు, వారాలు, దిక్కులు, ఊరి పేర్లు, రోజూ అదే వరస, అంతకంటే మంచి వినికిడి పాఠం నాకు దొరకలేదు. పొద్దున బస్సులో రేడియో కెనడా వాళ్ళ రేడియో, ఐసీ ప్రెమియేర్ 88.1 పెట్టుకో. అది బరువనిపిస్తే 91.1లో ఆన్వోల్ ఉంది, కమ్యూనిటీ రేడియో, పాటలు ఎక్కువ. లా లిబెర్తే అని వారపత్రిక కూడా ఉంది, 1913 నుంచి వస్తోంది, లైబ్రరీలో దొరుకుతుంది.

ఇంకొకటి. వినడం బాగుపడాలంటే ఎదురుగా మనిషి ఉండాలి. మా హోమ్‌కి వాలంటీర్లు కావాలి. ఫ్రెంచ్‌లో పది నిమిషాలు కూర్చుని కబుర్లు చెప్తే చాలు, తప్పులు మాట్లాడినా పెద్దవాళ్ళు విసుక్కోరు, సరిదిద్దుతారు. పోలీస్ రికార్డ్ చెక్ ఉంటుంది, చిన్న ట్రైనింగ్ ఉంటుంది. వస్తానంటే నాకు మెసేజ్ పెట్టు, కోఆర్డినేటర్ నంబర్ ఇస్తాను. ఆరింటికి ముందే రా, వార్తలు వాళ్ళతో కలిసి చూడొచ్చు. ఆ రైతు ఏమన్నాడో వాళ్ళే నెమ్మదిగా విడమర్చి చెప్తారు.

కొత్తగా_విన్నిపెగ్:

మెసేజ్ పెట్టాను అక్కా. నాకు గురువారం డ్యూటీ మూడింటికే అయిపోతుంది. చెక్ కోసం ఏ ఫారం నింపాలో కూడా చెప్పండి.