అంతరిక్షంలో పేలుడు చప్పుడు వినిపిస్తే తప్పా?

నల్గొండ ప్రేక్షకుడు:
మా తమ్ముడితో తెగని వాదన ఇది. శూన్యంలో గాలి లేదు కాబట్టి శబ్దం ప్రయాణించదు, బడి పిల్లలకు కూడా తెలుసు. అయినా తెరమీద వ్యోమనౌక పేలగానే థియేటర్ దద్దరిల్లుతుంది. 1968లోనే దర్శకుడు కుబ్రిక్ '2001: ఎ స్పేస్ ఒడిస్సీ' సినిమాలో అంతరిక్షాన్ని నిశ్శబ్దంగా చూపించాడు. ఆ తర్వాత వచ్చినవాళ్లకు ఏం అడ్డొచ్చింది? సైన్స్ ఫిక్షన్ అని పేరు పెట్టుకున్నాక సైన్సు తప్పితే ఊరుకోకూడదని నా పట్టుదల.

పాలమూరు పాత సినిమాలు:
అలాగైతే 1991లో వచ్చిన 'ఆదిత్య 369'ని ఏం చేస్తారు? అందులోని కాలయంత్రాన్ని భౌతికశాస్త్రం ముందు నిలబెడితే నిమిషం కూడా నిలవదు. కానీ అది శ్రీకృష్ణదేవరాయల కాలంలో ఆగినప్పుడు లెక్కలు ఎవరికి గుర్తొచ్చాయి? సింగీతం శ్రీనివాసరావు గారు మనల్ని నమ్మించారు, మనం నమ్మాం. కథకు అంతకంటే ఏం కావాలి?

దేవరకొండ ఆటగాడు:
అన్నా, శబ్దం దగ్గరే ఆగిపోతే ఎలా? 2013 నాటి 'గ్రావిటీ'లో శిథిలాలు ఢీకొన్నా చప్పుడు ఉండదు. మీ పరీక్షలో అది నెగ్గినట్టే. కానీ నాయిక హబుల్ టెలిస్కోపు దగ్గరి నుంచి అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి చేరుకుంటుంది చూడండి, అసలు తప్పు అక్కడుంది. హబుల్ కక్ష్య భూమధ్యరేఖకు సుమారు 28.5 డిగ్రీలు వంగి ఉంటుంది, కేంద్రం కక్ష్య 51.6 డిగ్రీలు. వీపుకు కట్టుకున్న చిన్న ఇంజన్‌తో ఆ తేడాను దాటడం అసాధ్యం.

రాకెట్లు కట్టి నడిపే కంప్యూటర్ ఆట 'కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్' ఆడినవాళ్లకు ఇది వెంటనే తెలిసిపోతుంది. ఒకే కక్ష్యలో ముందున్న నౌకను అందుకోవాలంటే వేగం పెంచకూడదు. తగ్గించి కిందికి దిగాలి. కింది కక్ష్యలో చుట్టు త్వరగా పూర్తవుతుంది కాబట్టి అప్పుడే దాన్ని అందుకుంటాం. ఆట మనల్ని మోసం చేయనివ్వదు. ఇంధనం అయిపోతే అయిపోయినట్టే. సినిమాల్లో నాకు కరువైన నిజాయితీ అదే.

మర్రిగూడ పాఠకురాలు:
'ది ఎక్స్‌పాన్స్' ధారావాహిక మొదటి భాగం చూడండి. శని వలయాల నుంచి మంచు మోసుకొచ్చే నౌక, ఆ నీటి మీద ఆధారపడిన సెరెస్ అనే మరుగుజ్జు గ్రహం జనం. తక్కువ గురుత్వాకర్షణలో పెరిగినందువల్ల అక్కడివాళ్ల ఒళ్లు సాగి, ఎముకలు బలహీనపడతాయి. అలాంటి ఒకడిని భూమి మీదికి తెచ్చి విచారణ పేరుతో వేలాడదీస్తారు. ఎవరూ కొట్టరు. భూమి ఆకర్షణే అతనికి చిత్రహింస.

ఆ దృశ్యం చూస్తూ నేను కదల్లేకపోయాను. మా వైపు రాళ్లలోని ఫ్లోరైడ్ భూగర్భజలంలో కలుస్తుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటే, మా బోర్లలో అంతకు ఎన్నో రెట్లు ఉండేది. కృష్ణా నీళ్లు రాకముందు ఆ నీళ్లే తాగి పెరిగినవాళ్ల నడుములు, కాళ్లు వంగిపోయాయి. పుట్టిన చోటు మనిషి ఎముకను ఎలా మారుస్తుందో మాకు ఎవరూ వివరించనక్కర్లేదు. అక్కడ సైన్సు తప్పి ఉంటే ఆ మనిషి బాధ ఉత్త నటన అయ్యేది. అందుకే సైన్సు సరిగా ఉండాలంటాను.

పాలమూరు పాత సినిమాలు:
మేడమ్, సెరెస్ జనం కష్టం నాకూ తెలుసు. మా జిల్లా కూలీలు దేశమంతటా ఆనకట్టలు కట్టారు, వాళ్ల సొంత చేలు ఎండిపోయాయి. కానీ ఒక్క మాట. మీరు చెప్పిన ధారావాహికలో కూడా అంతరిక్షంలో నౌకల చప్పుడు వినిపిస్తుంది. దాన్ని ఎలా మన్నించారు?

మర్రిగూడ పాఠకురాలు:
మన్నించాను సార్. ఆ చప్పుడు వల్ల ఎవరి తలరాతా మారదు కాబట్టి. చూసేవాళ్ల కోసం పెట్టింది అది, నేపథ్య సంగీతం లాంటిది. కథానాయకుడు ఇరుక్కున్నప్పుడు అతన్ని గట్టెక్కించడానికి ప్రకృతి నియమాన్ని వంచితే మాత్రం ఒప్పుకోను. దేవరకొండ తమ్ముడు చెప్పిన కక్ష్య తప్పు అలాంటిదే. ఆమె ప్రాణం దాని మీదే నిలిచింది.

పాలమూరు పాత సినిమాలు:
అయితే మీ కొలమానంతోనే 'ఆదిత్య 369' నెగ్గుతుంది! ఆ యంత్రం కథానాయకుణ్ణి గట్టెక్కించదు, తీసుకెళ్లి ఇరికిస్తుంది. ఇంటికి వెళ్లాలనుకుంటే 2504లో దింపుతుంది.

నల్గొండ ప్రేక్షకుడు:
కాలయంత్రం సంగతి ఒప్పుకున్నా, చప్పుడు విషయంలో మాత్రం నేను దిగిరాను. మేడమ్, సంగీతం వేరు, పేలుడు వేరు. సంగీతాన్ని నౌకలో ఉన్నవాళ్లు వింటున్నారని ఎవరూ అనుకోరు, పేలుడును మాత్రం విన్నారనే అనుకుంటారు. మా తమ్ముడు అలాగే అనుకున్నాడు. దీనికి జవాబు చెప్పండి.