‘సాస్’కి తెలుగు మాట: నంజుకోవాలా, అద్దుకోవాలా, పోసుకోవాలా?

ప్రశ్న:

అందరికీ నమస్కారం. ఇంట్లో చేసుకునే తీపి సాసులు, కారం సాసులు ఎలా చేయాలో తెలుగులో రాసి పెడుతున్నాను. అచ్చు వేయడానికి కాదు, మా పిల్లలకోసం, అడిగినవాళ్లకి ఇవ్వడంకోసం. ముప్పై దాకా అయ్యాయి. వంట దగ్గర ఇబ్బంది రాలేదు గానీ మాట దగ్గర వచ్చింది. అసలు ‘సాస్’ని తెలుగులో ఏమనాలి?

మొదట్లో ధైర్యంగా ‘పచ్చడి’ అని రాసేశాను. ఆపిల్ సాస్ కాస్తా ‘ఆపిల్ పచ్చడి’ అయింది. ఆ కాగితం మా పిన్ని చేతికి వెళ్లింది. ఆపిల్ ముక్కలు కాసిని నీళ్లలో మెత్తగా ఉడికించి, కొంచెం చక్కెర, నాలుగు చుక్కల నిమ్మరసం వేసి మెదిపితే అయిపోతుంది, అంతే. పిన్ని నేను రాసినట్టే అంతా చేసి, చివర్లో ‘దీనికి మతిమరుపు, ఉప్పూ కారం రాయలేదు’ అనుకుని తనే వేసేసింది. పైగా ఫోన్ చేసి, "పచ్చడికి కారం ఎంతో చెప్పకపోతే ఎలాగే?" అని నన్నే అడిగింది. ఆవిడ తప్పేం లేదు. పచ్చడి అన్నది నేనే కదా.

తర్వాత ‘పులుసు’ అని చూశాను. క్యారమెల్ పులుసు అని రాసుకుని నాకే నవ్వొచ్చింది, అందులో పులుపే లేదు. ‘రసం’ అంటే పండు పిండినట్టుంది. ‘ద్రవం’ అంటే సైన్సు పాఠం. ‘పాకం’ క్యారమెల్‌కి అతికినట్టు సరిపోయింది, కానీ పాలు, మైదాతో చేసే వైట్ సాస్‌ని పాకం అనలేం. అన్నిటికీ పనికొచ్చే ఒక్క మాట లేదంటారా?

జవాబు 1:

ఎందుకండీ టెన్షన్? సాస్ అనే రాయండి. కాకపోతే మనది అజంత భాష, చివర అచ్చు ఉండాలి. బస్సు, కేకు, గ్లాసు లాగే ‘సాసు’. అప్పుడు సాసులో, సాసుతో, సాసులు అని విభక్తులు కూడా హాయిగా అతుకుతాయి.

జవాబు 2:

మాట లేకేం, ఉంది. వ్యంజనం.

హల్లులకి వాడే వ్యంజనమే ఇది. సంస్కృతంలో ఈ మాటకి అన్నంలో కలుపుకునేది, పక్కన వేసుకునేది అనే అర్థం కూడా ఉంది. వి అనే ఉపసర్గ, అంజ్ అనే ధాతువు. అంజ్ అంటే పూయడం, వెల్లడి చేయడం. కంటికి పెట్టుకునే అంజనం ఇందులోంచి వచ్చిందే. ఒంటికి నూనె పూసుకునే అభ్యంజనం కూడా. అంటే వ్యంజనం తిండికి పూసేది, తిండి రుచిని బయటపెట్టేది.

పాణిని దీనికి సూత్రాలే రాశాడు. ‘అన్నేన వ్యంజనమ్’ (2.1.34) అంటే వ్యంజనం పేరు అన్నం పేరుతో సమాసమవుతుందని. దధి, ఓదనం కలిసి దధ్యోదనం. అదే మన నోట్లో దద్దోజనం అయింది. ఇంకోటి ‘వ్యంజనైరుపసిక్తే’ (4.4.26). వ్యంజనం పోసి తడిపిన పదార్థానికి పేరు ఎలా కట్టాలో చెప్పే సూత్రం అది. పెరుగు పోసి తడిపినది దాధికం. ఒక వ్యాకరణవేత్త సాస్ పోయడానికి ప్రత్యయం చెప్పాడంటే ఇంకేం కావాలి మీకు?

అమరకోశంలో తేమనం, నిష్ఠానం అని మరో రెండు మాటలు ఒకే చోట ఉన్నాయి. తేమనం అంటే తడిపేది. ఇదీ మీకు పనికొస్తుంది.

పతంజలి మహాభాష్యంలో ఒక వాక్యం ఉంది, అచ్చులూ హల్లుల గురించి: ‘స్వయం రాజన్తే స్వరాః, అన్వగ్భవతి వ్యంజనమ్’. స్వరాలు తమంత తాము వెలుగుతాయి, వ్యంజనం వెంట నడుస్తుంది. ఆయన చెప్పింది అక్షరాల సంగతే. నాకు మాత్రం ఇది చదివినప్పుడల్లా కంచం గుర్తొస్తుంది. కేకు ఒక్కటే తినొచ్చు, కస్టర్డ్ ఒక్కటే పెడితే ‘ఇది దేంట్లోకి?’ అంటారు.

జవాబు 3:

మాస్టారూ, చాలా బాగా చెప్పారు. కానీ ‘చాక్లెట్ వ్యంజనం’ అని రాస్తే మా వాడు క ఖ గ ఘ అందుకుంటాడు. ఆ మాటని వ్యాకరణం ఎప్పుడో పట్టుకుపోయింది, వంటింటికి తిరిగి రాదు.

నాది చిన్న మాట. భక్ష్య, భోజ్య, లేహ్య, చోష్య, పానీయాలు అంటాం కదా. అందులో లేహ్యం, నాకి తినేది. చట్నీ అన్న హిందీ మాటకీ అదే అర్థం, చాట్నా అంటే నాకడం. లిహ్ ధాతువుకీ, ఇంగ్లీషు లిక్‌కీ మూలం ఒకటే అని భాషాశాస్త్రం చెబుతుంది. దగ్గు మందు లింక్టస్ కూడా అదే కుటుంబం. కాబట్టి అర్థం చూసుకుంటే సాస్‌కి లేహ్యం సరిగ్గా కుదురుతుంది. కాకపోతే లేహ్యం అనగానే అందరికీ వైద్యుడి సీసానే గుర్తొస్తుంది, అదీ కష్టం.

జవాబు 4:

అందరూ నామవాచకం కోసం వెతుకుతున్నారు. నాకు చిక్కు అక్కడే ఉందనిపిస్తోంది. తెలుగులో ఈ సంగతి క్రియల్లో ఉంది. వస్తువు ఏమిటన్నది మనం అంతగా పట్టించుకోం, చెయ్యి ఏం చేస్తోందన్నదానికి మాత్రం తలో మాట ఉంది.

నంజుకోవడం చూడండి. కొందరు నంచుకోవడం అంటారు. ముద్దకీ ముద్దకీ మధ్య పక్కనున్నది ఇంత తీసి నాలిక్కి తగిలించడం అది. కలపకూడదు. కలిపామా, అది నంజుకోవడం కాదు. టర్కీ కోడి మాంసం పక్కన వేసే క్రాన్‌బెర్రీ సాస్, పంది మాంసం పక్కన పెట్టే ఆపిల్ సాస్ ఇలాంటివే. మాంసంలోని కొవ్వు నాలుకని కప్పేసినప్పుడు ఆ పులుపు వచ్చి తుడుస్తుంది. ఒకేసారి ఎక్కువ తినేది కాదు, మాటిమాటికీ కొంచెం.

అద్దుకోవడం వేరు. వేయించిన బంగాళాదుంప ముక్క కొసని టమాటా సాస్‌కి తాకించి తీస్తాం, అది అద్దుకోవడం. బట్టల మీద అద్దకం అంటామే, అదే పైపైన తాకించడం. ముక్క సగందాకా మునిగి వేళ్లకి కూడా అంటుకుంటే ముంచుకోవడం. కరిగించిన చాక్లెట్‌లో పండు ముక్కలు ముంచుకోవాల్సిందే, అద్దితే చాలదు. పాస్తాకి టమాటా సాస్ కలుపుకుంటాం. కేకు మీద కస్టర్డ్ పోసుకుంటాం. నిప్పుల మీద కాలే మాంసానికి సాస్ పూస్తాం, కాల్చకముందైతే పట్టిస్తాం. ఇవన్నీ ఇంగ్లీషు వాడికి ఒక్క సాసే, పైగా ఒకే అలమరాలో ఉంటాయి.

ఇది మాటల సరదా అనుకోకండి, వంటకి నేరుగా పనికొస్తుంది. వైట్ సాస్‌నే తీసుకోండి. 300 మిల్లీలీటర్ల పాలకి వెన్న, మైదా చెరో 15 గ్రాములు వేస్తే పోసుకునే సాస్. చెరో 25 గ్రాములైతే గరిటె వెనక పూతలా పట్టి నిలుస్తుంది, ఉడికించిన కాలీఫ్లవర్ మీద కప్పడానికి అది. చెరో 50 గ్రాములైతే ముద్ద, కూరముక్కలు కలిపి ఉండలు చుట్టడానికి. పేరు ఒకటే, సరుకులు అవే, పని మూడు రకాలు. మీరు ‘వైట్ సాస్’ అని శీర్షిక పెట్టి ఊరుకుంటే ఏది చేయాలో చదివేవాళ్లకి ఎలా తెలుస్తుంది? ‘పోసుకునేది’ అన్నారనుకోండి, కొలత గుర్తులేకపోయినా చెయ్యి సరిచేసుకుంటుంది.

ఎంత చిక్కగా ఉండాలో చెప్పడానికీ మన మాటలు బోలెడు. జారుగా, గరిటెజారుగా, ముద్దగా, ధారగా. ఒక్కో మాటకి కళ్లముందు బొమ్మ కడుతుంది. ‘మధ్యస్థ సాంద్రత’ అని మాత్రం రాయకండి, దణ్ణం పెడతాను.

పోస్ట్ పెట్టినామె:

అయ్యో, నేను రెండు చోట్ల మధ్యస్థ సాంద్రత అని రాశానండీ! ఇప్పుడే కొట్టేశాను.

మీరు చెప్పాక నా కాగితాలు తిరగేస్తే నిజమే, పేర్లు సరిగ్గా లేకపోయినా క్రియలు వాటంతటవే సరిగ్గా పడ్డాయి. క్యారమెల్ దగ్గర ‘ఐస్‌క్రీమ్ మీద ధారగా వంపుకోవాలి’ అని రాశాను. పాకం మాట వదల్లేకపోయాను కూడా. లేతపాకం, తీగపాకం, ఉండపాకం, ముదురుపాకం అన్నీ దాటి చక్కెర తేనె రంగుకి తిరిగితే అక్కడ క్యారమెల్ మొదలవుతుంది, 160-170 డిగ్రీల దగ్గర. అప్పుడు మీగడ వేడిగా పోయాలి. చల్లటిది పోస్తే పాకం గడ్డ కట్టి గరిటెకి రాయిలా పట్టుకుంటుంది, నాకు ఒకసారి అయింది. వేడిది పోసినా పొంగుతుంది, గిన్నె లోతుగా ఉండాలి. ‘వ్యవహారం పాకాన పడింది’ అనే మాట ఎవరో పొయ్యి ముందు నిలబడినవాళ్లే అని ఉంటారు.

అయితే క్రియలు సరే. శీర్షిక దగ్గర ఒక నామవాచకం రాయాలి కదా? ‘నంజు’ అని పెడితే?

జవాబు 5:

నంజు వద్దమ్మా. పాత నిఘంటువుల్లో నంజు అంటే విషం. సీసా మీద ‘టమాటా నంజు’ అని చీటీ అంటిస్తే తెలిసినవాళ్లు ముట్టుకోరు. నంజుడు అనీ అనలేం, అది మాంసం. నంజుడుతిండి అంటే రాక్షసుడు.

జవాబు 6:

క్రియల గురించి చెప్పినాయనకి నమస్కారం. ఒక చిన్న చేర్పు. ఈ విషయంలో మనమే ప్రత్యేకం కాదు, వేరే భాషల పేర్లు గీకి చూస్తే అక్కడా లోపల క్రియే ఉంటుంది. సాస్ లాటిన్‌లో సల్సా, ఉప్పు వేసినది అని. స్పానిష్ వాళ్ల సల్సా కూడా అదే. ఇటలీ పెస్టో, దంచినది. మన తొక్కు కూడా అదే పద్ధతి, తొక్కినది. పచ్చడిలోనూ ఆ దెబ్బ వినిపిస్తూనే ఉంది, ‘కొట్టి పచ్చడి చేశాడు’ అంటాం కదా. ఫ్రెంచి కూలీ, పండ్ల గుజ్జు వడగట్టి చేసేది, కారేది అని. ఫాండూ, కరిగినది. డిప్ అయితే సరేసరి, ముంచడమే.

కెచప్ ఒక్కటి వేరే దారి. దక్షిణ చైనా హొక్కియెన్ మాటల్లో చేపల్ని ఉప్పులో ఊరబెట్టి తీసిన ద్రవం పేరు అది. ఇంగ్లండు వెళ్లాక పుట్టగొడుగులతో, వాల్‌నట్లతో చేశారు. టమాటా చాలా ఆలస్యంగా వచ్చి చేరింది, అమెరికాలో జేమ్స్ మీస్ అనే వైద్యుడు టమాటాతో చేసే పద్ధతిని 1812లో అచ్చు వేయించాడు. అంటే లోపలి వస్తువు పూర్తిగా మారిపోయినా పేరు అలాగే ఉండిపోయింది. కస్టర్డ్ మరీ విడ్డూరం. ఆ మాట మొదట పైనున్న గట్టి పెంకుకి సంబంధించింది, క్రస్ట్ అన్న మాటకి చుట్టం. పెంకు పోయింది, లోపలి మెత్తటిది పేరు తీసుకుంది. కాబట్టి ఇప్పుడున్న మాటలో కొంచెం తేడా ఉందని బెంగపడక్కర్లేదు.

జవాబు 7:

‘ఆదరువు’ ఎవరూ అనలేదేంటి? పాతకాలం భోజనాల వర్ణనల్లో ఆదరువులు అని వస్తుంది, కొందరు ఆధరువులు అని రాస్తారు. అన్నంలోకి తోడుగా వడ్డించేవన్నీ అందులోకే వస్తాయి. మామూలు అర్థం ఆసరా. ‘ఏ ఆదరువూ లేని మనిషి’ అంటాం. మాస్టారు చెప్పిన వెంట నడిచే వ్యంజనం కంటే పట్టి నిలబెట్టే ఆదరువు నాకు నచ్చుతుంది. ఉడికించిన కాలీఫ్లవర్‌ని వైట్ సాస్ లేకుండా పిల్లలకి పెట్టి చూడండి, ఎవరు ఎవర్ని నిలబెడుతున్నారో తెలుస్తుంది.

జవాబు 8:

ఆదరువు మంచి మాటే, కానీ కూరా, పప్పూ కూడా ఆదరువులే కదా? మరీ పెద్ద గొడుగు అవుతుంది.

జవాబు 7 మళ్లీ:

అవును, ఒక్క సాస్ పేరుగా వద్దు. మొత్తం పుస్తకానికి పెట్టుకోవచ్చు అంటున్నా.

పోస్ట్ పెట్టినామె:

అందరికీ ధన్యవాదాలు. ఇలా చేశాను. కాగితాల కట్ట మీద ‘తీపి ఆదరువులు, కారం ఆదరువులు’ అని రాశాను. విడివిడిగా పేర్లు సాసు అనే ఉంచాను, చివర ఉకారంతో. అక్షరక్రమం తీసేసి చేతి పనిని బట్టి సర్దాను: నంజుకునేవి, అద్దుకునేవి, కలుపుకునేవి, పోసుకునేవి, పూసేవి. వైట్ సాసు మూడు చోట్లకి వెళ్లింది, మూడు కొలతలతో. పుదీనా సాసు దగ్గర కాసేపు ఆగాను. సన్నగా తరిగిన పుదీనా, వెనిగర్, చక్కెర, వేడినీళ్లు కలిపి చేస్తాం, గొర్రె మాంసం కాల్చినదాంట్లోకి. పల్చగా ఉంటుంది కాబట్టి పోసుకునేది అనాలి, కానీ పోస్తే మాంసం రుచి వెనిగర్‌లో కొట్టుకుపోతుంది. చెంచాతో అంచుకి నాలుగు చుక్కలు వేసుకోవాలి. దానికి ‘చిలకరించుకునేవి’ అని ఇంకో అర తెరిచాను. ప్రస్తుతానికి అందులో అదొక్కటే ఉంది.

ఆపిల్ సాసు మళ్లీ రాసి పిన్నికి పంపాను, ‘నంజుకునేది, తీపి, కారం వెయ్యొద్దు’ అని పైనే రాసి. బాగా కుదిరిందట.

ఇక మిగిలింది తేనె, ఆవపిండి, నూనె, కాస్త నిమ్మరసం గిలక్కొట్టి చేసే సాసు. చికెన్ ముక్కలకి అద్దుకోవచ్చు, ఆకుకూరల సలాడ్‌లో కలుపుకోవచ్చు, కాల్చే ముందు పూయనూ వచ్చు. దీన్ని ఎక్కడ పెట్టను?

జవాబు 3 మళ్లీ:

మా ఇంట్లో అది చికెన్ దాకా వెళ్లదండీ, గిన్నె నాకేస్తారు. లేహ్యాల్లో రాసేయండి.