సమస్యాపూరణం: పడిన దెబ్బ నేడు పకపకమనె

నిర్వాహకుడు:

సమస్యాపూరణమంటే ఇచ్చిన పాదానికి మిగతా పాదాలు రాసి అర్థం కుదర్చడం. ఈసారి సమస్య ఆటవెలదిలో నాలుగో పాదం.

పడిన దెబ్బ నేడు పకపకమనె

దెబ్బ ఏడిపిస్తుంది గానీ నవ్వదు. అదే చిక్కు. మీ జీవితంలో జరిగిన ఒక సంఘటనతో దాన్ని విప్పండి. కొత్తవారి కోసం: గణమంటే కొన్ని అక్షరాల కట్ట; చిన్నవి సూర్యగణాలు, పెద్దవి ఇంద్రగణాలు. బేసి పాదాల్లో మూడు సూర్యగణాలు, వాటి వెనుక రెండు ఇంద్రగణాలు. సరి పాదాల్లో అయిదూ సూర్యగణాలే. నాలుగో గణం మొదటి అక్షరం యతి, అంటే అది పాదం మొదటి అక్షరంతో కలవాలి. ప్రాస (పాదాల రెండో అక్షరం కలవడం) నియమం లేదు. అవధానంలో అయితే పృచ్ఛకుడు (ప్రశ్న అడిగేవారు) ఇచ్చిన సమస్యను సభలోనే ఆశువుగా పూరించాలి, మనకు ఆ టెన్షన్ లేదు. నిదానంగా రాయండి.

మొదటి పూరణ

సైకి లెక్కి పడితి సందులో నొకనాడు
నాన్న చూడకుండ నక్కినాను
తాను చూచినట్లు తండ్రి చెప్పిన వేళ
పడిన దెబ్బ నేడు పకపకమనె

ఒక సభ్యురాలు: బాగుందండీ. కానీ మొదటి పాదంలో సై, సం యతి చెల్లుతుందా?

నిర్వాహకుడు: చెల్లుతుందమ్మా. అ, ఆ, ఐ, ఔ ఒకదానికొకటి మైత్రి ఉన్న అచ్చులు. హల్లు రెండుచోట్లా స కాబట్టి ఇబ్బంది లేదు. పద్యంలో నాకు బాగా నచ్చినది మూడో పాదం. పిల్లవాడు ఇన్నేళ్లూ దాచాననుకున్నాడు, ఆయన ఇన్నేళ్లూ తెలియనట్టు ఉన్నాడు. నవ్వు పుట్టింది పడినందుకు కాదు, ఈ రెండు మౌనాలు ఒకేసారి విడినందుకు. అయితే రెండో పాదంలో నాన్న అని పిలిచి, మూడో పాదంలో తండ్రి అనేసరికి ఆయన కాస్త దూరం జరిగారు. ఇలా మార్చి చూడండి:

నాడు చూచినట్లు నాన్న చెప్పిన వేళ

గణాలు అవే, యతి నా, నా. పైగా నాలుగో పాదంలోని నేడుకు ఇక్కడి నాడు జతగా నిలుస్తుంది.

రెండో పూరణ

మరచిపోతి మాట మైకు ముందర నిల్చి
నవ్వు లన్ని ముళ్లు నాకు నాడు
పిల్ల లడుగ కథగ పెంచి చెప్పితి నంత
పడిన దెబ్బ నేడు పకపకమనె

నిర్వాహకుడు: నాట్యశాస్త్రం రాసిన భరతుడు హాస్యాన్ని ఆత్మస్థం, పరస్థం అని రెండుగా చెప్పాడు. తాను నవ్వడం ఒకటి, ఎదుటివారిని నవ్వించడం ఒకటి. ఈ పద్యంలో ఆ రెండూ కలిసే చోటు మూడో పాదం. ఒకప్పుడు సభ నవ్వితే ముల్లులా గుచ్చుకుంది. ఇప్పుడు అదే నవ్వును ఈయనే పిల్లల్లో పుట్టిస్తున్నారు, వాళ్లతో పాటు తానూ నవ్వుతున్నారు. “పెంచి” అన్న మాట మార్చవద్దని నా మనవి. జ్ఞాపకాన్ని చెప్పేటప్పుడు అందరం కాస్త పెంచే చెబుతాం. బాధ కథగా మారేది అక్కడే.

మూడో పూరణ

కాలమున్న చాలు గాయము మానును
ఎంత బాధ యైన తరిగిపోవు
నవ్వు నేర్చు వాని నాలోన చూడగా
పడిన దెబ్బ నేడు పకపకమనె

నిర్వాహకుడు: రెండో పాదంలో యతి తప్పింది, ఎ కి త చెల్లదు. “ఎంత బాధ యైన నింకిపోవు” అంటే సరిపోతుంది. న సంధిలో వచ్చింది, దాని వెనుక ఉన్నది ఇంకిపోవు లోని ఇ. ఎ, ఇ మైత్రి ఉన్న అచ్చులే. ఇది సులువుగా సరిచేసుకోగల దోషం. అసలు లోటు వేరే ఉంది. పద్యమంతా వెతికినా ఏ దెబ్బో తెలియలేదు. ఎవరు పడ్డారు, ఎక్కడ పడ్డారు, ఎవరు చూశారు? కాలం గాయాన్ని మాన్పుతుందన్న మాటకు తల ఊపుతాం గానీ నవ్వం. మీకు పద్యం నడక చేతనవుతోంది, అందుకే గట్టిగా అడుగుతున్నాను: ఒక్క సంఘటన తీసుకుని మళ్లీ రాయండి.

నాలుగో పూరణ

అక్క నెట్టె నన్ను అమ్మతో చెప్పక
దాచిపెట్టినాము తరచి యడుగ
చివికి పోయినట్టి చిత్రమున బయట
పడిన దెబ్బ నేడు పకపకమనె

మరో సభ్యుడు: అబ్బ! “బయట” దగ్గర పాదం విరిచి “పడిన”ను కలుపుకున్నారు చూశారా! పాత ఫొటోలో మోకాటి కట్టు నాకు కనబడింది.

నిర్వాహకుడు: నాకూ కనబడింది. కట్టు అన్న మాట పద్యంలో లేకుండానే కనబడింది. ఇచ్చిన పాదం అర్థాన్ని పై పాదంతో తిప్పడం సమస్యాపూరణంలో పాత విద్యే. ఇక్కడ అది చమత్కారం కోసమే రాలేదు. అక్కాతమ్ముళ్లు కలిసి దాచిన గుట్టు నిజంగానే బయటపడింది, మాట విరుపు కథలోంచే వచ్చింది. ఒక్క సవరణ. “నన్ను అమ్మతో” అన్నచోట ఉత్వసంధి జరగాలి, విడిచిపెడితే విసంధి దోషం. ఇలా అనవచ్చు:

అక్క నెట్టివేసె నమ్మతో చెప్పక

“నన్ను” పోయినా అర్థానికి లోటు లేదు, అకు అ యతి కుదిరింది.

అయిదో పూరణ

తాత కర్ర దాచి తలుపు చాటున నుంటి
కర్ర దొరికి నాకు కాలు వాచె
తాత లేని యింట దాని చూచిన వేళ
పడిన దెబ్బ నేడు పకపకమనె

రెండో పూరణ రాసినవారు: రెండో పాదానికి గట్టిగా నవ్వాను, మూడో పాదానికి ఆగిపోయాను. కానీ ఒక సందేహం. కరుణ హాస్యానికి విరోధి రసం, రెండూ ఒకచోట పొసగవు అంటారు కదా. పైగా తాత లేని ఇంట్లో పకపకలు ఏమిటి? చిరునవ్వు అయితే ఒప్పుకుంటాను.

నిర్వాహకుడు: మంచి ప్రశ్న వేశారు. భరతుడు నవ్వును ఆరు రకాలుగా చెప్పాడు: స్మితం, హసితం, విహసితం, ఉపహసితం, అపహసితం, అతిహసితం. స్మితంలో పళ్లు కూడా కనబడవు. పకపకలు దానికి చాలా దూరం. అయితే పద్యాన్ని మళ్లీ చదవండి. ఇక్కడ పకపకమన్నది మనవడు కాదు, దెబ్బ. ఆ అల్లరీ, తలుపు చాటూ, తాత కేకా అన్నీ ఆ దెబ్బలో ఇంకా గట్టిగా వినబడుతున్నాయి. కర్ర ముందు నిలబడ్డ మనిషి పెదవి మీద ఉన్నది మీరన్న స్మితమే కావచ్చు. ఆ సంగతి కవి మనకు చెప్పలేదు, చెప్పకపోవడమే మేలు చేసింది. ఇక విరోధం మాటకు వస్తే, రెండు రసాలు ఒకే క్షణంలో కొట్టుకోలేదు. నవ్వు రెండో పాదంలో ఉంది, లేమి మూడో పాదంలో ఉంది, మధ్యలో ఒక జీవితకాలం ఉంది. ఈ విడత నాకు అన్నిటికన్నా నచ్చిన పూరణ ఇదే.

అయిదో పూరణ రాసినవారు: ధన్యవాదాలండీ. ఆ కర్ర ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది.

నిర్వాహకుడు: మూడో పూరణ వారి కొత్త పద్యం కోసం ఎదురుచూస్తున్నాను. మిగతావారికి వచ్చే సమస్య, ఇది కూడా ఆటవెలది నాలుగో పాదమే:

కళ్లజోడు పెట్టి కళ్లు వెదకె