ఫినీషియన్లను గ్రీకులు మింగేశారా, వాళ్ళే ఏరుకుని తీసుకున్నారా?

పాతనాణెం:
బైబిల్ చదివినవాళ్ళకి తూరు, సీదోను పేర్లు కొత్త కాదు. ఇప్పటి లెబనాన్ తీరంలోని ఫినీషియన్ పట్టణాలివి. క్రీ.పూ. 332లో అలెగ్జాండర్ ఏడు నెలలు ముట్టడించి తూరును పట్టుకున్నాడు. ఆ తర్వాత పిల్లలకి గ్రీకు పేర్లు, శాసనాల్లో గ్రీకు భాష. కొన్ని శతాబ్దాలకి వాళ్ళ భాషే ఆ తీరంలో లేకుండా పోయింది. దీన్ని సాంస్కృతిక మార్పిడి అని మెత్తగా రాస్తుంటే నాకు బాధగా ఉంటుంది. గెలిచినవాడు ఓడినవాడిని మింగేశాడు. కాదనేవాళ్ళు ఆధారాలు చూపించండి.

రాతిరాత:
పాతనాణెం గారూ, మీరు 332 నుంచి లెక్క మొదలుపెట్టారు. చిక్కంతా అక్కడే ఉంది. సీదోను దగ్గర, ఆ ఊరి దేవుడు ఎష్మూన్ గుడిలో ఒక పసివాడి చలువరాతి బొమ్మ దొరికింది. బుగ్గలు, పొట్ట మీది ముడతలు, అంతా గ్రీకు శిల్పుల పనితనమే. పీఠం మీది రాత మాత్రం ఫినీషియన్: సీదోను రాజు కొడుకు బాల్‌షిల్లెం తన స్వామి ఎష్మూన్‌కి ఇచ్చుకున్న కానుక అది. అప్పటికి అలెగ్జాండర్ ఇంకా పుట్టలేదు. బొమ్మ గ్రీకుది, దేవుడూ మొక్కూ అక్షరాలూ వాళ్ళవి.

మీ పేరులోనే నాణెం ఉంది కాబట్టి ఇంకోటి చెప్తాను. తూరు వెండి నాణెం మీద ఏథెన్స్ గుడ్లగూబ ఉంటుంది, దాని వెనకే ఈజిప్టు ఫరోలు పట్టుకునే వంకీకర్ర, కొరడా. ఇది కూడా అలెగ్జాండర్‌కి ముందుదే. వ్యాపారం చేసే ఊరు తనకి పనికొచ్చేది నాలుగు దిక్కుల నుంచీ తెచ్చుకుంది. సీదోను రాజు అబ్దష్టార్ట్‌ని గ్రీకులు స్ట్రాటోన్ అన్నారు. ఆయన్ని సత్కరిస్తూ ఏథెన్స్ ఒక తీర్మానం చేసి, వ్యాపారానికి వచ్చే సీదోను వాసులకి పరదేశీ పన్ను తీసేసింది. లాభం ఇద్దరిదీ.

పాతనాణెం:
తేదీల విషయంలో ఒప్పుకుంటున్నాను. కానీ మీరు చూపించినవన్నీ రాజులవీ వర్తకులవీ. పైగా అలెగ్జాండర్ నిలబెట్టిన సీదోను రాజు అబ్దలోనిమస్‌దని చాలామంది పండితులు భావించే రాతి శవపేటిక చూడండి. 1887లో సీదోనులో బయటపడింది, ఇప్పుడు ఇస్తాంబుల్‌లో ఉంది. దాని మీద గ్రీకులు పర్షియన్లతో యుద్ధం చేస్తుంటారు, వేటాడుతుంటారు. ఫినీషియన్ అక్షరం ఒక్కటీ లేదు. ఎష్మూన్ బొమ్మ దగ్గర ఉన్న ఎంపిక ఇక్కడ ఏదీ?

దీపస్తంభం:
మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. మాల్టాలో దొరికిన జంట స్తంభాల మీద క్రీ.పూ. 2వ శతాబ్దపు రాత ఒకే సంగతిని రెండు భాషల్లో చెబుతుంది. తూరుకి చెందిన ఇద్దరు అన్నదమ్ముల మొక్కు అది. ఫినీషియన్‌లో దేవుడు తూరు ప్రభువు మెల్కార్ట్, గ్రీకులో హెరాక్లీస్. అన్నదమ్ముల పేర్లు గ్రీకులో డయొనీసియోస్, సరాపియోన్. ఫినీషియన్‌లో అబ్దోసిర్, ఒసిర్‌షమర్. ఆ పేర్లలో ఉన్నది ఈజిప్టు దేవుడు ఒసైరిస్! అంటే గ్రీకుల కన్నా ముందే ఇంకొకరి దేవుణ్ణి తమ పేర్లలోకి తెచ్చుకున్నారు, అయినా ఫినీషియన్లుగానే ఉన్నారు. 1758లో ఫ్రెంచి పండితుడు బార్తెలెమీ ఫినీషియన్ లిపిని చదవగలిగింది ఈ రాత సాయంతోనే. నాకు చాలా ఇష్టమైన రాళ్ళివి.

పాతనాణెం:
అందమైన ఉదాహరణ. అయినా నా ప్రశ్న భాష గురించి. ఉత్తర ఆఫ్రికాలో ఫినీషియన్ల వలస పట్టణం కార్తేజ్ ఎప్పుడూ గ్రీకు రాజుల కింద లేదు. ఆ ప్రాంతంలో వాళ్ళ భాష క్రీ.శ. 400 నాటి క్రైస్తవ గురువు సెయింట్ ఆగస్టీన్ కాలం దాకా బతికింది. పుట్టిన చోట మాత్రం అంతకన్నా ముందే పోయింది. తేడా గ్రీకు పాలన కాక మరేమిటి?

రాతిరాత:
అరమాయిక్ అండి. పర్షియన్ల కాలానికే ఆ ప్రాంతమంతా ఉత్తరప్రత్యుత్తరాల భాష అది, ఫినీషియన్‌కి దగ్గరి చుట్టం కూడా. నేర్చుకోవడం తేలిక. గ్రీకు వచ్చాక కూడా చుట్టుపక్కల పల్లెల్లో జనం మాట్లాడుకున్నది అరమాయిక్‌లోనే. గ్రీకు పాలన ప్రభావం లేదని నేను అనను, కానీ ఇంట్లో మాట్లాడే భాష పోవడానికి కారణం వెతికితే ముందు ఆ వైపు చూడాలి.