శ్రమ దినాల్లోనే చిగురు: ఈస్టర్ ధ్యానాలకు మన చెట్లను ఎట్ల చూపించాలె?

ప్రశ్న (సండే స్కూల్ టీచర్, హనుమకొండ)

అందరికీ వందనాలు. శ్రమ దినాల్లో, అంటే ఈస్టర్‌కు ముందటి ఉపవాస రోజుల్ల, పిల్లలకు, యవ్వనస్తులకు వసంతం, పునరుత్థాన నిరీక్షణ మీద వారానికొక ధ్యానం పెడుతున్నం. దొరికిన పాఠాలన్నిట్ల మంచు కరగడం, లిల్లీ పూలే ఉన్నయి. మన దిక్కు ఈస్టర్ నాటికి ఎండ మండుతుంటది. పిల్లలు కండ్లతోని చూసి చేతితోని ముట్టేటట్టు ఏం చెయ్యొచ్చు? గోధుమలు మొలిపించాలని ఉంది. 2027ల ఈస్టర్ మార్చి 28కే వస్తున్నది, ఎప్పుడు మొదలుపెట్టాలె?

జవాబు 1 (ములుగు)

వందనాలు అక్కా. మన దగ్గర వసంతం ఈస్టర్ కోసం ఆగదు, శ్రమ దినాల నడుమనే వచ్చేస్తది. దాన్ని లోటు అనుకోకండి, మన పాఠమే అది. శ్రమ దినాలు మొదలయ్యే బూడిద బుధవారం ఫిబ్రవరి 10. ఆ రోజుల్ల మోదుగు ఆకు రాల్చి మొగ్గ కడుతుంటది, తర్వాత ఆకు లేని కొమ్మ మీదనే ఎర్రగా పూస్తది. కొమ్మ విరిచి తేవద్దు. పిల్లలనే ఒకే చెట్టు దగ్గరికి మూడు వారాలు వరుసగా తీసుకపోండి. మార్పు కనబడాలంటే చెట్టు మారొద్దు.

ఆ తర్వాత వేప, కానుగ. ఇవి వాన పడి చిగురించేటివి కావు, వానకు ఇంకా మూడు నెలలుంది. లోతుకు పోయిన వేర్లకు అందే తడితోనే చిగురిస్తయి. ఇక్కడ యోబు 14:7-9 చదవండి, నరికిన చెట్టు నీటి వాసనకే చిగురేసే మాట. కానీ చాలామంది అక్కడే ఆపేస్తరు. పదో వచనం తప్పక చదవాలె. చెట్టుకున్న ఆశ మనిషికి లేదని యోబు ఏడుస్తడు. చిగురును చూపించి 'ఇదే పునరుత్థానం' అంటే తప్పుడు బోధ అయితది. ఏటా చిగురించే చెట్టు కూడా ఒకనాడు ఎండిపోతది. యోబు ఏడుపుకు జవాబు ఖాళీ సమాధి దగ్గర ఉంది. పిల్లలకు ఆ ప్రశ్నను అట్లనే ఉంచి, ఈస్టర్ పొద్దున 1 కొరింథీ 15:20 చదివించండి.

జవాబు 2 (మహబూబాబాద్)

గోధుమల సంగతి నేను చెప్తా. మన లంబాడీ తండాల్లో తీజ్ పండుగకు గోధుమలు మొలిపించే బుట్టలు చూసినోళ్లకు ఇది తెలిసిన పనే, తొమ్మిది రోజుల్ల మొలకలు ఒత్తుగా వస్తయి. కాకపోతే తీజ్ వానకాలంల వస్తది, మీరు చేసేది ఎండల.

అడుగు వెడల్పు వెదురు బుట్టకు 150 గ్రాముల గోధుమలు చాలు. మందు పట్టించిన విత్తనం పిల్లల చేతికి ఇవ్వొద్దు. పురుగు పట్టనివి, తినడానికి కొన్నవే తీసుకోండి. మార్చి 18 గురువారం రాత్రి నానబోసి, పొద్దున నీళ్లు వంచి కడగండి. రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు కలిపి రెండు అంగుళాల మందం పోసి, గింజలు ఒకదాని మీద ఒకటి పడకుండ పరిచి, సన్నగా మట్టి చల్లండి. రెండు రోజులు తడి గోనెసంచి కప్పాలె. మొలక తల ఎత్తంగనే తీసెయ్యండి, లేకుంటే పచ్చగ కాకుండ పసుపుగ సాగుతది. పొద్దటెండ తగిలే నీడల పెట్టి రోజుకు రెండుసార్లు నీళ్లు చిలకరించండి. ఎక్కువ పోస్తే బూజు వస్తది. రెండో రోజు వేర్ల మీద తెల్లటి నూగు కనబడితే భయపడి పారెయ్యకండి, అది వేరు నూగు, నీళ్లు చిలకరిస్తే అణిగిపోతది. బూజైతే గింజల నడుమ దూదిలెక్క అల్లుకుని వాసనొస్తది.

యోహాను 12:24 చెప్పేటప్పుడు 'గింజ కుళ్లి మొలుస్తది' అనకండి. కుళ్లిన గింజ మొలవదు, బడిల చదువుకున్న పిల్లలు వెంటనే పట్టుకుంటరు. మార్చి 26, శుభ శుక్రవారం నాడు ఒక మొలక పీకి గింజను నొక్కి చూపించండి. లోపలి పిండి చాలామట్టుకు అయిపోయి, తోలు మెత్తగా ఉంటది. తనకున్నదంతా మొలకకే ఇచ్చింది. ఆ తోలు పిల్లల అరచేతిల పెట్టండి, ఏం వివరించకుండ కాసేపు ఊరుకోండి.

జవాబు 3 (కాజీపేట)

శ్రమ దినాలను మేము కాథలిక్కులం తపస్సు కాలం అంటాం, కానీ ఈ విషయంలో తేడా ఏమీ లేదు. ఇద్దరూ చెప్పినవి బాగున్నాయి. ఒక్క చెట్టు మర్చిపోయారు: టేకు.

ఈస్టర్ నాటికి కూడా టేకు మోడుగానే ఉంటుంది. ఆ ఏడాది తల్లినో బిడ్డనో పోగొట్టుకున్నవాళ్లు తెల్లవారుజామున సమాధుల తోటకు వస్తారు. అందరితో కలిసి హల్లెలూయా పాడలేరు. వాళ్లను పాడమని బలవంతపెట్టవద్దు. చీకటి ఉండగానే వచ్చిన మగ్దలేనే మరియ కూడా మొదట ఏడ్చింది, ఎదురుగా నిలబడ్డ ప్రభువును తోటమాలి అనుకుంది (యోహాను 20:15). సూర్యోదయం ఆరుంపావుకు అటూ ఇటూ అవుతుంది కాబట్టి ఐదింటికి చేరితే ఆ చీకటి దొరుకుతుంది. మొదటి పావుగంట పాట, మైకు లేకుండా ఉంచండి.

పునరుత్థాన కాలం ఒక్కరోజుది కాదు, పెంతెకొస్తు దాకా యాభై రోజులు. 2027లో అది మే 16. పిల్లలను ఆ రోజు టేకు దగ్గరికి తీసుకెళ్లండి. అప్పటికీ చిగురు కనబడకపోతే మృగశిర కార్తె దాటాక, నాలుగు వానలు పడ్డాక మళ్లీ తీసుకెళ్లండి.