ఊరోళ్లతో కూర్చొని చేసే పని రీసెర్చ్ కిందకి వస్తదా రాదా? ప్రకాశం, నెల్లూరు వాళ్లు చెప్పండి

పామూరు_పిల్ల
ఎంపీహెచ్ (ప్రజారోగ్యంలో పీజీ) అయిపోయింది, రెండు ఆఫర్లున్నాయి. ఒకటి హైదరాబాదులో డేటా అనాలిసిస్. రెండోది మన ప్రకాశంలోనే, ఫ్లోరైడ్ స్టడీలో (నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై ఎముకలు పాడయ్యే ఫ్లోరోసిస్ జబ్బు మీద) పేషెంట్లతో ఊరోళ్లతో కూర్చొని ఏం అడగాలి ఎట్టా అడగాలి అని వాళ్లతో కలిసి తేల్చే పని, కమ్యూనిటీ ఎంగేజ్‌మెంట్ అంటారు. మా గైడ్ సారేమో అది రీసెర్చ్ కాదమ్మా, మీటింగులు పెట్టే ఉద్యోగం, పదేళ్ల తర్వాత నీ పేరు మీద ఏం మిగలదు అన్నారు. నాకు మనసు ఇటే లాగతా ఉంది.

ఒంగోలు_లెక్కలు
సార్ చెప్పింది నిజం చెల్లీ. ప్రాజెక్టు డబ్బులు అయిపోతే మొదట తీసేసేది ఈ పోస్టునే, రెండు చోట్ల చూశా. ప్రమోషన్‌కి అడిగేది పేపర్లు. జబ్బు ఎంతమందికుందో తేలాలంటే శాంపిల్ సరిగ్గా తీయాలి, నీళ్లు టెస్ట్ చేయాలి, ఊరోళ్ల అభిప్రాయం కలిపితే లెక్కేం మెరుగుపడదు.

పొదిలి_అక్క
తమ్ముడూ, అక్కడే నేను ఒప్పుకోను. పద్నాలుగేళ్లుగా ఇదే పని చేస్తన్నా. ఒక స్టడీలో ఫారం మీద రోజుకి ఏ నీళ్లు ఎన్ని లీటర్లు తాగుతారు అని ఉండేది, అందరూ క్యాన్ నీళ్లు అనే చెప్తన్నారు, మేం రాసుకుంటా పోతన్నాం. స్టడీకి సలహా చెప్పేదానికి ఊరోళ్లతో వేసిన మా కమిటీలో ఒకామె, మిరపకాయల కోతకి పోయే మనిషి, ఆ ఫారం చదివించుకొని విని, "తాగేది క్యానే మేడమ్, అన్నం పప్పు ఉడకేసేది బోరు నీళ్లతోనే, వంటకి కూడా క్యానే పోస్తే ఎవురికి చాలుద్ది" అనింది. ఉడకబెడితే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఇగిరేకొద్దీ ఇంకా చిక్కబడుద్ది, అన్నం పప్పు ఆ నీళ్లనే పీల్చుకుంటాయి. వంట నీళ్లకి వేరే కాలమ్ పెట్టించాం. ఆమె లేకపోతే శాంపిల్ ఎంత బాగా తీసినా తప్పు లెక్కే వచ్చేది.

పేపర్ల సంగతంటావా, కనిగిరి, పొదిలి, దర్శి 1970 దాకా నెల్లూరు జిల్లాలోవే, ఆ జిల్లా ఫ్లోరోసిస్ మీద డాక్టర్లు 1937లోనే పేపర్ అచ్చేశారు. పేపర్లు లేక కాదు మనోళ్ల నడుములు వంగిపోయింది.

దర్శి_రైతు
మా నాయన మెడ తిప్పలేడు, వెనక నుంచి పిలిస్తే మనిషి మొత్తం తిరగాల. మూడుసార్లు వచ్చి రక్తం, మూత్రం, బోరు నీళ్లు పట్టుకుపోయినారు. లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటకూడదంట, మా బోరులో ఎంతుందో ఇంతవరకు ఎవరూ చెప్పలా. ముందు మా కాగితం మాకు ఇప్పించండి, అభిప్రాయం తర్వాత అడగండి.

ఒంగోలు_లెక్కలు
అక్కా, వంట నీళ్ల సంగతి ఒప్పుకుంటా, అది నేను పట్టుకునేవాణ్ని కాదు. కానీ ఆ కమిటీల్లో కూర్చునేదెవరు? చాలా ఊళ్లలో పెద్దోళ్ల చుట్టాలే.

కలిగిరి_నర్స్
కూలి పోగొట్టుకొని ఎవరొస్తారన్నా, టీ బిస్కెట్‌తో సరిపెడితే తీరికున్నోళ్లే వస్తారు. స్టడీలో పాల్గొనేవాళ్లకి పోయిన కూలి ఇవ్వొచ్చని ఐసీఎంఆర్ (కేంద్ర వైద్య పరిశోధన మండలి) 2017 గైడ్‌లైన్స్‌లోనే ఉంది. పెద్దోళ్లని అడిగి సరిపెట్టుకుంటే ఏమైతదో ఖమ్మంలో చూశాం కదా, 2009లో హెచ్‌పీవీ టీకా (ఆడపిల్లలకి ముందుముందు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసేది) స్టడీలో చాలామంది పిల్లలకి అమ్మానాన్నల బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టేశారు, 2010లో ఆపేయాల్సొచ్చింది. అదే మా దగ్గర దూబగుంట చూడండి, రాత్రి బడిలో ఆడోళ్లు మాట్లాడుకున్న మాటలే 1993లో రాష్ట్రమంతా సారా ఆగేదాకా పోయినాయి. వాళ్లని కూర్చోబెట్టి వినేదానికి ఒక మనిషి కావాల, ఆ మనిషికి జీతం కావాల, చదువు కావాల. దాన్ని కెరీర్ కాదంటే ఎట్టా?

పామూరు_పిల్ల
ఇంటర్వ్యూలో రెండు అడగతా. కమిటీ వాళ్ల కూలికి బడ్జెట్‌లో డబ్బులు పెట్టారా, ఎవరి రిపోర్టు వాళ్లకి ఎన్ని రోజుల్లో ఇస్తారు. రెండిటికీ సరైన జవాబొస్తే హైదరాబాదు వదిలేస్తా. దర్శి అన్నా, సీసాలు తీసుకుపోయినప్పుడు నంబరేమన్నా రాసిచ్చారా?

దర్శి_రైతు
చీటీ ఒకటిచ్చారమ్మా. మా అమ్మ రేషన్ కార్డులో పెట్టి దాచింది.